మణికట్టు మీది వాచీ మనసు గురించి ఎంతవరకు చెప్పగలదు?

సభకు నమస్కారం.

ఈ హాలులో ఒకవైపు ఇంజనీరింగ్ విద్యార్థులు, మరోవైపు మానసిక రుగ్మతలకు చికిత్స పొందుతున్నవారి కుటుంబ సభ్యులు కూర్చున్నారు. నిర్వాహకులు ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ విషయం మీద జరిగే సభల్లో మామూలుగా పరికరం తయారుచేసేవారే ఉంటారు, దాన్ని కట్టుకోవలసినవారు ఉండరు. స్మార్ట్‌వాచీలు, ఉంగరాలు, ఒంటికి అంటించుకునే పట్టీలు మానసిక రుగ్మతలను కనిపెట్టి ఉండటానికి ఎంతవరకు పనికొస్తాయన్నది నాకిచ్చిన అంశం. మానసిక వైద్యుడిగా నా అభిప్రాయాన్ని ముందే చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. జబ్బు ఏమిటో వైద్యుడు నిర్ధారించి, చికిత్స నడుస్తూ, తనంతట తాను ఒప్పుకున్న మనిషికి ఆ జబ్బు తిరగబెడుతున్న సూచనను కొన్నాళ్ళు ముందుగా అందించడంలో ఈ పరికరాలు నిజంగా ఉపయోగపడగలవు. జనంలోంచి ఎవరికి డిప్రెషన్ ఉందో, ఎవరికి లేదో ఏరి చూపించడానికి మాత్రం వీటిని వాడకూడదు. మొదటి పనికి, రెండో పనికి మధ్య ఉన్న దూరం చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ.

మొదట పరికరం సంగతి చూద్దాం. చేతి వాచీని తీసి వెనక్కి తిప్పితే చిన్న ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నని నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది కాబట్టి, ఆ క్షణాన వెనక్కి తిరిగి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను బట్టి వాచీ గుండె వేగాన్ని లెక్కకడుతుంది. సూత్రం పాతదే, 1930లలోనే ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కాంతితో రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి మీద పనిచేశాడు. అప్పుడు ప్రయోగశాలలో కదలకుండా కూర్చున్నవాడి మీద చేసిన పనిని, ఇప్పుడు బస్సు పట్టుకోవడానికి పరిగెత్తుతున్నవాడి మీద చేస్తున్నాం. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 53 మంది మీద రకరకాల వాచీలను పరీక్షించినప్పుడు, విశ్రాంతిగా ఉన్నప్పటికంటే కదలికలో ఉన్నప్పుడు గుండె వేగంలో వచ్చే తప్పు సగటున 30 శాతం ఎక్కువగా ఉంది. చర్మపు రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. కానీ అదే సంవత్సరం అమెరికాలో వచ్చిన మరొక అధ్యయనంలో, ఆసుపత్రుల్లో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ కొరతను తెల్లజాతి రోగులలోకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయిందని తేలింది. కాబట్టి మన ఒంటి రంగుల మీద విడిగా పరీక్షించని పరికరాన్ని నమ్మే ముందు ఒకసారి అడిగి తెలుసుకోవడం మన హక్కు.

గుండె వేగం కంటే మానసిక వైద్యంలో ఎక్కువగా మాట్లాడుకునేది దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధిలోని తేడా గురించి. ఆరోగ్యంగా ఉన్న గుండె గోడ గడియారంలా సమానంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చుకున్నప్పుడు కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి ఈ హెచ్చుతగ్గులను నడిపిస్తుంది. డిప్రెషన్‌తో ఉన్నవారిలో ఈ తేడా సగటున తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాలు చూపించాయి. అయితే జ్వరం వచ్చినా, ముందురోజు రాత్రి మద్యం తాగినా, నిద్ర చాలకపోయినా, వయసు పైబడినా ఇది తగ్గుతుంది. అంతేకాదు, డిప్రెషన్‌కు ఎంతో కాలంగా ఇస్తున్న అమిట్రిప్టిలిన్ వంటి మందులు కూడా దీన్ని తగ్గిస్తాయి. అంటే మందు వేసుకుని మనిషి కోలుకుంటూ ఉంటాడు, నవ్వుతాడు, అన్నం తింటాడు, పనికి వెళతాడు. వాచీలోని గీత మాత్రం కిందికి దిగుతుంది. ఏ మందు వాడుతున్నాడో తెలియని యాప్ ఆ గీతను చూసి ‘మీ ఒత్తిడి పెరిగింది’ అని హెచ్చరిస్తుంది. రెండు గుంపుల సగటులో తేడా ఉండటం ఒక సంగతి, ఎదుట కూర్చున్న ఒక మనిషి గురించి ఏదైనా చెప్పగలగడం మరొక సంగతి. ఇంజనీరింగ్ విద్యార్థులు దయచేసి ఈ మాటను గుర్తుంచుకోవాలి.

వాచీలో రెండో ముఖ్యమైన భాగం కదలికను కొలిచే యాక్సిలరోమీటరు. నా దృష్టిలో మానసిక వైద్యానికి అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఇది చవక, బ్యాటరీని తక్కువ తింటుంది, 1970ల నుంచీ నిద్ర పరిశోధనలో వాడుకలో ఉంది. నార్వేలోని బెర్గెన్‌లో డిప్రెషన్‌తో ఉన్న 23 మంది చేతికి, ఆరోగ్యంగా ఉన్న 32 మంది చేతికి ఇలాంటి పరికరాన్ని కట్టి, వారి రాత్రింబగళ్ళ కదలికలను నమోదు చేశారు. ఆ సమాచారాన్ని 2018లో ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఇక్కడి విద్యార్థులు కూడా దాన్ని దింపుకొని పరిశీలించవచ్చు. డిప్రెషన్‌లో పగటి చురుకుదనం తగ్గడం, రాత్రికీ పగటికీ మధ్య తేడా చెరిగిపోవడం కంటితో చూడగలిగిన విషయాలే. కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు అతి ఉత్సాహం వచ్చే బైపోలార్ రుగ్మతలో ఇది మరింత స్పష్టంగా ఉంటుంది. మేనియా, అంటే ఆ అతి ఉత్సాహపు దశ, మొదలవుతున్నప్పుడు చాలామందిలో ముందుగా కనిపించేది నిద్ర అవసరం తగ్గడం. ఏడు గంటలు పడుకునే మనిషి మూడు గంటలకే లేచి, అలసట అన్న మాటే లేకుండా బీరువా సర్దడం, అర్ధరాత్రి స్నేహితులకు ఫోన్లు చేయడం, కొత్త వ్యాపారానికి లెక్కలు వేయడం మొదలుపెడతాడు. ఆ దశలో మనిషికి హాయిగా ఉంటుంది కాబట్టి తనకు జబ్బు వస్తోందని ఒప్పుకోడు. ఇంట్లోవాళ్ళు చెబితే కోపం వస్తుంది. తన చేతి వాచీలో తానే చూసుకున్న అంకె కొందరికి ఆ కోపం తెప్పించదు.

అయితే నిద్ర విషయంలోనే వాచీ చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కదలకుండా ఉండటాన్ని అది నిద్ర అనుకుంటుంది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవారిలో చాలామందికి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి, మళ్ళీ నిద్ర పట్టదు. లేచి తిరిగే ఓపిక ఉండదు. పక్కవారిని లేపకూడదని గోడవైపు తిరిగి, కళ్ళు తెరుచుకుని, కదలకుండా పడుకుని ఉంటారు. రోజు మొత్తంలో వారికి అత్యంత బాధాకరమైన గంటలు అవే. పొద్దున లేచి చూస్తే వాచీ ‘ఏడున్నర గంటల నిద్ర, చక్కగా ఉంది’ అంటుంది. ప్రయోగశాలలో మెదడు తరంగాలను కొలిచే పరీక్షతో పోల్చి చూసినప్పుడు, నిద్రపోతున్నవారిని నిద్రపోతున్నారని గుర్తించడంలో ఈ పరికరాలు దిట్టలే. మెలకువగా పడుకుని ఉన్నవారిని గుర్తించడంలోనే వెనకబడ్డాయి. అందువల్ల ‘నాకు నిద్ర పట్టడం లేదు డాక్టర్’ అని రోగి చెప్పినప్పుడు, వాచీ అలా చెప్పడం లేదే అని ఎవరూ, ముఖ్యంగా వైద్యులు, అనకూడదు.

మూడోది చెమట. అరచేతుల్లో, అరికాళ్ళలో, కొంతవరకు మణికట్టు దగ్గర ఉండే చెమట గ్రంథులను ఉద్రేకానికి సంబంధించిన సింపథెటిక్ నాడులు నడుపుతాయి. చెమట పెరిగితే చర్మం విద్యుత్తును కాస్త ఎక్కువగా పోనిస్తుంది. ఫ్రాన్స్‌లో ఛార్లెస్ ఫెరే 1888లోనే దీన్ని గమనించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ తన పదాల పరీక్షలతో పాటు దీన్ని వాడాడు. ఈ కొలతను చేతికి కట్టుకునే పట్టీలోకి తెచ్చినవారిలో ముఖ్యురాలు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రోజలిండ్ పికార్డ్. ఆమె అనేక సభల్లో చెప్పిన ఒక సంఘటన ఇక్కడ చెప్పుకోవాలి. సెలవులకు ఇంటికి వెళుతున్న ఒక విద్యార్థి, మాటలు రాని తన ఆటిజం తమ్ముడికి ఏ విషయాలు ఆందోళన కలిగిస్తున్నాయో తెలుసుకోవాలని ఆమె దగ్గర పట్టీ అడిగాడు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని ఆమె రెండు ఇచ్చింది. ఆ విద్యార్థి రెండింటినీ తమ్ముడి రెండు చేతులకూ కట్టాడు. తరువాత ఆమె సమాచారం చూస్తుంటే ఒకరోజు ఒక చేతి గీత ఎన్నడూ చూడనంత ఎత్తుకు లేచింది, రెండో చేతి గీత మాత్రం కదలలేదు. పరికరం చెడిపోయిందేమో అని రకరకాలుగా పరీక్షించి, అర్థం కాక చివరకు ఆ విద్యార్థి ఇంటికే ఫోన్ చేసింది. అతడు తన దినచర్య రాసుకున్న పుస్తకం చూసి, ఆ గీత లేచిన కాసేపటికే తమ్ముడికి మూర్ఛ వచ్చిందని చెప్పాడు. ఆ దారిలో సాగిన పరిశోధన నుంచి పుట్టిన వాచీకి, మూర్ఛను గుర్తించి సంబంధీకులకు కబురు పంపేందుకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

ఈ సంఘటనలో నన్ను ఆకట్టుకునేది ఆ దినచర్య పుస్తకం. గీత ఒక్కటే ఉంటే అది పరికర లోపంగానే మిగిలిపోయేది. ఇంట్లో ఒక మనిషి గంట, నిమిషం వేసి రాసుకున్నాడు కాబట్టే ఆ గీతకు అర్థం వచ్చింది. మూర్ఛకు మొదలూ తుదీ ఉంటాయి, చూసినవాడు సమయం చెప్పగలడు. డిప్రెషన్ ఏ నిమిషాన మొదలైందో ఎవరు చెప్పగలరు? మూర్ఛలో వచ్చినంత స్పష్టమైన ఫలితం మానసిక రుగ్మతల్లో ఇంకా రాకపోవడానికి ప్రధాన కారణం ఇదే. సెన్సర్ కొలతను సరిచూసుకోవడానికి మన దగ్గర ఉన్నది రోగి నింపే ప్రశ్నావళి, వైద్యుడి అంచనా మాత్రమే. అవి రెండూ వారానికో, రెండు వారాలకో ఒకసారి వచ్చేవి.

చెమట గురించి మరొక మాట. ఒత్తిడిని గుర్తించే పద్ధతుల్లో ఎక్కువ భాగం చల్లని గదుల్లో తయారయ్యాయి. 1993 నుంచి వాడుకలో ఉన్న ఒక ప్రసిద్ధ పరీక్షలో మనిషిని ముగ్గురు పరీక్షకుల ఎదుట నిలబెట్టి మాట్లాడిస్తారు. తరువాత 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ బిగ్గరగా లెక్కపెట్టమంటారు, తప్పితే మళ్ళీ మొదటి నుంచి. అక్కడ చెమట పట్టిందంటే భయమే కారణమని నమ్మవచ్చు. రోహిణీ కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, విజయవాడలోనో రామగుండంలోనో బస్సు కోసం నిలబడినవాడి చెమటలో ఎండ వాటా ఎంత, ఆందోళన వాటా ఎంత అన్నది ఆ పద్ధతి చెప్పలేదు. ఉష్ణోగ్రతను కూడా పక్కనే కొలిచి లెక్కలోకి తీసుకునే ప్రయత్నాలు ఉన్నాయి. కానీ మన వాతావరణంలో, మన పనుల మధ్య సేకరించిన సమాచారంతో సరిచూడనంతవరకు ‘స్ట్రెస్ స్కోరు’ అనే అంకెకు నేను వైద్యపరమైన విలువ ఇవ్వలేను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పరికరాలు ఒక మనిషిని ఇతరులతో పోల్చినప్పుడు బలహీనంగా, ఆ మనిషిని అతనితోనే పోల్చినప్పుడు కొంత బలంగా పనిచేస్తాయి. బోస్టన్‌లో స్కిజోఫ్రీనియాతో, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే జబ్బుతో, ఉన్న 17 మంది ఫోన్లలోని సమాచారాన్ని కొన్ని నెలలపాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అందులో ప్రతి రోగికీ తనదైన మామూలు స్థితి ఏమిటో ముందు లెక్కకట్టారు. ఎంత దూరం తిరుగుతాడు, ఎన్ని ఫోన్లు చేస్తాడు, ఎంతసేపు ఇంట్లో ఉంటాడు. ఆ తరువాత దాని నుంచి తప్పిన రోజులను గుర్తించారు. జబ్బు తిరగబెట్టడానికి ముందు రెండు వారాల్లో అలాంటి తేడాల రేటు మిగతా కాలంలోకంటే 71 శాతం ఎక్కువగా ఉంది. పదిహేడు మందంటే చాలా తక్కువ, దాని మీద ఆధారపడి పెద్ద మాటలు చెప్పలేం. కానీ పద్ధతి సరైనది. రోజూ ఇల్లు కదలని మనిషి ఇల్లు కదలకపోవడం వార్త కాదు. రోజూ పొలానికి వెళ్ళే మనిషి నాలుగు రోజులుగా మంచం దిగకపోవడం వార్త.

మన దగ్గర ఈ మాటకు ఇంకా ఎక్కువ బలం ఉంది. పాశ్చాత్య దేశాల్లో తయారైన లెక్కలు మనిషి రాత్రి పడుకుని పగలు పనిచేస్తాడని నమ్ముతాయి. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగి తెల్లవారాక పడుకుంటాడు. రాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి రైతు లేచి వెళతాడు. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండేవారి నిద్ర వేళలు నెలంతా మారిపోతాయి. పసిబిడ్డ తల్లి నిద్ర సంగతి చెప్పనక్కరలేదు. వీరందరినీ అదే కొలతతో కొలిస్తే సగం మందిని రోగులను చేస్తాం. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలలో 2013లో 48 మంది విద్యార్థుల ఫోన్లను పది వారాలు గమనించిన అధ్యయనం ఈ రంగానికి పెద్ద ఊపునిచ్చింది. ఆ తరువాత వచ్చిన పరిశోధనల్లో పదేపదే ఎదురైన ఇబ్బంది, ఒక కళాశాలలో బాగా పనిచేసిన లెక్క మరో కళాశాలలో, చివరికి అదే కళాశాలలో మరుసటి ఏడు విద్యార్థుల మీద, అంత బాగా పనిచేయకపోవడం. లండన్, బార్సిలోనా, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లో మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చే 623 మందికి వాచీలు ఇచ్చి నడిపిన ఐరోపా అధ్యయనం ఇంతకుముందు వాటికంటే చాలా పెద్దది. అందులో పాల్గొన్నవారు ముందే రోగనిర్ధారణ అయినవారు, తమకు తాముగా ముందుకొచ్చినవారు. నేను కోరుకునే దారి అదే.

జనంలోంచి రోగులను ఏరడం ఎందుకు కుదరదో చిన్న లెక్కతో చూపిస్తాను. ఇవి కేవలం ఉదాహరణకు తీసుకున్న అంకెలు. వెయ్యి మంది విద్యార్థులున్న కళాశాలలో ఈ నెల పదిమందికి తీవ్రమైన డిప్రెషన్ మొదలవుతుందనుకుందాం. జబ్బు ఉన్నవారిలో నూటికి తొంభై మందిని పట్టుకుని, లేనివారిలో నూటికి పదిమందిని మాత్రమే పొరపాటున పట్టుకునే గొప్ప వాచీ ఉందనుకుందాం. పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో 99 మందిని పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 108 హెచ్చరికల్లో నిజమైనవి తొమ్మిది. అంటే హెచ్చరిక అందుకున్న ప్రతి పన్నెండు మందిలో ఒక్కరికే జబ్బు ఉంది. మిగతా పదకొండు మందికి హాస్టల్ వార్డెను పిలుపు, తల్లిదండ్రులకు ఫోను, తోటివారి చూపులు. ఇదంతా తొంభై శాతం పనితనం ఉన్న వాచీతో. ఈరోజు మార్కెట్లో ఉన్నవాటికి జనం మధ్య అంత పనితనం ఉందని ఎవరూ నిరూపించలేదు. అదే వాచీని మూడుసార్లు మేనియా వచ్చిన మనిషికి కడితే లెక్క మారుతుంది, ఎందుకంటే అతనికి జబ్బు తిరగబెట్టే అవకాశం మొదటి నుంచే చాలా ఎక్కువ.

కనిపెట్టి ఉండటం వల్ల మేలు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. డెన్మార్క్‌లో బైపోలార్ రోగుల మీద ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికారు. ఫోన్ ద్వారా రోజూ తమ స్థితిని నమోదు చేసుకుంటూ, వైద్య సిబ్బందితో ముడిపడి ఉండే పద్ధతిని మామూలు చికిత్సతో పోల్చి చూశారు. 78 మంది మీద చేసి 2015లో ప్రచురించిన మొదటి ప్రయోగంలో లక్షణాల తీవ్రత తగ్గలేదు. కొందరిలో డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఎక్కువగా నిలిచిపోయిన సూచనలు కూడా కనిపించాయి. రోజూ ‘నా మనసు ఎలా ఉంది’ అని తవ్వుకుంటూ కూర్చోవడం కుంగిపోయిన మనిషికి భారం కావచ్చు. తరువాత 129 మందితో చేసిన రెండో ప్రయోగంలోనూ లక్షణాల తీవ్రతలో తేడా రాలేదు గానీ, జీవితం కాస్త మెరుగ్గా ఉందని, ఒత్తిడి తగ్గినట్టుందని వాళ్ళు చెప్పారు. ఇది చిన్న విషయం కాదు. అయితే కంపెనీల ప్రకటనల్లో కనిపించే మాటకూ దీనికీ చాలా తేడా ఉంది. బ్రిటన్‌లో నిద్రలేమితో బాధపడుతున్నవారికి వాచీ కట్టి, మీకు నిన్న నిద్ర సరిగా పట్టలేదని కావాలనే తప్పుడు అంకెలు చూపించిన ప్రయోగం కూడా ఒకటి జరిగింది. ఆ అంకెలు చూసినవారికి ఆ పగలంతా నిజంగానే నిస్త్రాణగా అనిపించింది. వాచీ చెప్పే మాట కూడా మనిషి మీద పనిచేస్తుంది.

సాంకేతికత వల్లనే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకానికి తగిలిన దెబ్బలు రెండు చెబుతాను. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు 2002 నుంచి 2015 వరకు అధిపతిగా ఉన్న థామస్ ఇన్సెల్ తరువాత మైండ్‌స్ట్రాంగ్ అనే సంస్థ స్థాపనలో భాగస్వామి అయ్యారు. ఫోన్ మీద వేళ్ళు కదిలే తీరును బట్టి మెదడు స్థితిని అంచనా వేయాలన్నది దాని ఆశయం. అంత అనుభవం, అంత పెట్టుబడి ఉన్నా 2023లో అది మూతపడింది. రెండోది, సెన్సర్ పొదిగిన మాత్ర. స్కిజోఫ్రీనియాకు, బైపోలార్‌కు వాడే అరిపిప్రజోల్ మాత్రలో ఇసుక రేణువంత సెన్సర్ పెట్టారు. అది కడుపులోకి వెళ్ళగానే ఒంటికి అంటించిన పట్టీకి సంకేతం పంపుతుంది, పట్టీ ఫోనుకు చెబుతుంది. 2017 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని సాంకేతికత తయారుచేసిన సంస్థ 2020లో దివాలా తీసింది. తన ఒంట్లో ఏదో యంత్రం పెట్టి ఎవరో తనను గమనిస్తున్నారన్నది సైకోసిస్‌లో, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితిలో, ఉన్న మనిషిని వేధించే అతి పెద్ద భయం. అలాంటి మనిషికి వైద్యం పేరుతో అదే నిజం చేసి ఇవ్వడం నా మనస్సాక్షి ఒప్పుకోని పని.

ఇక్కడ కుటుంబ సభ్యులతో ప్రత్యేకంగా ఒక మాట. ఆత్మహత్య ఆలోచనను కొలిచే సెన్సర్ ఏదీ లేదు. వాచీలో అంతా బాగానే ఉందని ధైర్యంగా ఉండకండి. అనుమానం వస్తే పక్కన కూర్చుని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ అని పరిశోధనలు తేల్చాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఫోన్ సహాయ సేవ 14416 నంబరుకు రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

హెచ్చరిక మోగిన తరువాత ఎవరు పలుకుతారన్న ప్రశ్నకు జవాబు లేకుండా వాచీ కట్టడం అన్యాయం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ పన్నెండింటిలో మన రెండు రాష్ట్రాలు లేవు గానీ, ఇక్కడి పరిస్థితి అందుకు భిన్నమని ఏ ఓపీలో కూర్చున్నా అనిపించదు. దేశంలో లక్ష మందికి 0.75 మంది మానసిక వైద్యులున్నారని 2019 నాటి అంచనా. ఎర్రగడ్డకో, విశాఖపట్నానికో రెండు బస్సులు మారి వచ్చే రోగికి నెలకొకసారి పది నిమిషాలు దొరికితే గొప్ప. ఆ పది నిమిషాల్లో ‘ఈ నెల నిద్ర ఎలా ఉంది’ అని అడిగితే నిన్న, మొన్న సంగతి గుర్తుంటుంది గానీ మూడు వారాల కిందటిది గుర్తుండదు. అప్పుడు నెల రోజుల నిద్ర గీత ఒక్కటి కాగితం మీద ఉంటే నాకు నిజంగా సాయం. ‘పదహారో తేదీ నుంచి నిద్ర తగ్గింది, అప్పుడు ఏం జరిగింది?’ అని అడిగితే పక్కనున్న అమ్మ ‘అప్పుడే కదండీ మాత్రలు అయిపోయాయి, మళ్ళీ కొనలేదు’ అంటుంది. మామూలుగా ఐదు నిమిషాలు పట్టే సంభాషణ అక్కడ అరనిమిషంలో తేలుతుంది. వాచీ నుంచి నేను ఆశించేది ఈ పాటి సాయమే.

చివరగా అనుమతి సంగతి. ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే చేతికి వాచీ కట్టి, దాని సమాచారం తమ ఫోనుకు వచ్చేలా పెట్టుకుంటారు. రోగికి అది తెలిసిన రోజున వాచీతో పాటు మందులు కూడా విసిరికొట్టే ప్రమాదం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలుండాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని, కొన్ని మినహాయింపులకు లోబడి, ఆ చట్టం నిషేధించింది. ఇంటర్ హాస్టళ్ళలో పిల్లలందరికీ పట్టీలు కట్టాలని ఉత్సాహపడేవారు ఈ సెక్షను చదవాలి. ఉద్యోగులకు ఉచితంగా వాచీలు పంచే కంపెనీలను కూడా, ఆ సమాచారం ఎవరు చూస్తారని రాతపూర్వకంగా అడగండి.

మానసిక ఆరోగ్య చట్టంలోనే ఇంకొక మంచి ఏర్పాటు ఉంది. ఐదో సెక్షను ప్రకారం పెద్దవారెవరైనా తాము బాగున్న సమయంలోనే, జబ్బు వస్తే తమకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తమ తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగా రాసి పెట్టవచ్చు. వాచీకి కూడా ఇదే పద్ధతి పాటించమని నా సలహా. రోగి కోలుకుని స్థిమితంగా ఉన్నప్పుడు వైద్యుడు, రోగి, రోగి ఎంచుకున్న ఒక్క మనిషి కలిసి కూర్చుని ఒక పేజీ రాసుకోండి. వాచీ ఎప్పుడు కట్టుకోవాలి, ఎప్పుడు తీసేయవచ్చు. నిద్ర ఎన్ని రాత్రులు ఎన్ని గంటల కంటే తగ్గితే అది హెచ్చరిక. ఆ హెచ్చరిక ముందుగా రోగికే వెళ్ళాలా, అక్కకో తమ్ముడికో కూడా వెళ్ళాలా. వెళితే ఆ మనిషి ఏం అడగాలి, ఏం అడగకూడదు. ఎన్ని రోజుల తరువాత డాక్టరుకు ఫోన్ చేయవచ్చు. కింద రోగి సంతకం చేయాలి. ఆరు నెలలకొకసారి ఆ కాగితాన్ని తీసి, పనికిరాని అంకెలను కొట్టేసి, మళ్ళీ రాసుకోవాలి. వాచీ వద్దని రోగి అన్న రోజున దాన్ని తీసేసి, మాత్రలు, ఓపీ తేదీలు మాత్రం యథాతథంగా కొనసాగించాలన్న వాక్యాన్ని కూడా అందులోనే రాయించండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. కుటుంబ సభ్యులకు ముందు అవకాశం ఇద్దాం.